కెంపి కడుపులో ఉన్నింది పిల్లలు కాదు

ఈడ పొడుగ్గా రాసి నిండా దినాలయింది. పోయిన మాటు రాగి కోతల గురించి రాసినప్పుడు "మీ కుక్క ఎట్లుంది?" అని ఇద్దరు ముగ్గురు అడిగినారు. మేము బదులు చెప్పలేదు. కుక్క కత చెప్పాలంటే మేము చేసిన తప్పు కూడా చెప్పాల. దానికి మనసు రాక ఇన్ని దినాలు ఊరకున్నాము. ఇప్పుడు రాస్తా ఉన్నాము. రొంత పొడుగవుతుంది. ఇంట్లో ఆడకుక్క ఉన్నోళ్లు మాత్రం కడదాకా చదవండి.

మా ఊరు బాగేపల్లి నుంచి చేళూరు మీదుగా చింతామణికి పొయ్యే దోవలో, రోడ్డుకు లోపలుంది. రెండు సీమావులు, ఎకరా టమాటా, అరెకరా రేషం తోట, వాన పడితే రాగులు, చెనక్కాయ. మన పక్క ఇండ్లన్నీ ఇంతే కదా. చేనికి కావలి కుక్క లేకుంటే పందులు గట్టు దాటుకొని వస్తాయి. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ కుక్క ఉంటుంది. ఇప్పుడుండేది కెంపి. ఎర్రగా ఉంటుందని మా అమ్మ పెట్టిన పేరు. కన్నడమో తెలుగో అడగవద్దండి, మన ఇండ్లల్లో ఆ గీత యాడుంది?

కెంపికి ఎనిమిదేండ్లు. రెండు మాట్లు ఈనింది. పిల్లల్ని ఇచ్చేదానికి ఇండ్లు దొరకక మేము పడిన పాట్లు ఊరందరికీ తెలుసు. మూడో మాటు ఎదకు వచ్చినప్పుడు, సూది వేస్తే కుక్కలు దగ్గరికి రావని ఒకాయన చెబితే వేయించినాము. ఆయన డాక్టరు కాదు. ఆవులకు సూదులు వేసేదానికి ఊర్ల మీద తిరుగుతాడు. పని అయింది, తక్కువ దుడ్డుతో అయిందని సంతోషపడినాము. ఆ తర్వాత కూడా ఇంకో మాటు వేయించినాము.

పోయిన సంవత్సరం చిత్తకార్తె. చిత్తకార్తె అంటే కుక్కల కార్తె అని మనోళ్లకు వేరే చెప్పాలనా? అక్టోబరు రెండో వారంలో కార్తె వచ్చింది, మా ఇంటి ముందర ఆరేడు మగకుక్కలు చేరినాయి. ఈ మాటు సూది వేసే ఆయన దొరకలేదు. కెంపిని కొట్టంలో కట్టేసి, తలుపు మూసి, రెండు వారాలు కాపాడినాము. గండం గడిచింది అనుకున్నాము.

కార్తీక మాసం వచ్చింది. ఇంకో నెల గడిచిందేమో, కెంపి ఊరికే నీళ్లు తాగబట్టింది. దాని గిన్నెలో నీళ్లు చాలక ఆవుల తొట్టికాడికి పోయి తాగుతుంది. చలికాలంలో ఇంత దప్పికేమిరా అని మా అమ్మ ఆశ్చర్యపడింది. రాత్రుళ్లు వసారాలోనే ఉచ్చ పోస్తుంది. ఎనిమిదేండ్లలో ఎప్పుడూ వసారా పాడు చేసిన కుక్క కాదది. తిట్టినాము, ఒకరోజు కొట్టినాము కూడా. దాని తర్వాత సంగటి ముట్టడం తగ్గించింది. కడుపు మాత్రం రోజురోజుకూ పెద్దదవుతా ఉంది.

మేమేమనుకున్నామంటే, కొట్టంలోంచి ఎప్పుడో తప్పించుకొని పోయింటుంది, కట్టింటుంది, చూడిది అనుకున్నాము. కుక్క రెండు నెలలు మోస్తుంది. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది. మా అమ్మ డెయిరీకి పోసే పాలల్లో చెంబెడు తీసి దానికి పోసింది. పిల్లకాయలు పాత గోనెసంచి పరిచి మూల సిద్ధం చేసినారు.

డిసెంబరు మొదట్లో ఒక తెల్లారి కెంపి లేవలేదు. వాంతి చేసుకొని పక్కనే పండుకొని ఉంది. చిగుర్లు పాలిపోయినాయి. కండ్లు లోపలికి పోయినాయి. కడుపు మీద చెయ్యి పెడితే మూలిగింది. ఈనే నొప్పులేమోనని మధ్యాహ్నందాకా చూసినాము. అది మా రెండో తప్పు. మా పెద్దోడు కాలేజీ నుంచి వచ్చి, "ఇది ఈనే కుక్క మాదిరి లేదు, సచ్చే కుక్క మాదిరి ఉంది" అన్నాడు. అప్పుడు కదిలినాము.

టెంపోలో వేసుకొని పోయినాము. డాక్టరమ్మ ముందుగా అడిగింది ఒకటే మాట: "ఎదకు వచ్చి ఎన్నాళ్లయింది?" ఏడు వారాలు అన్నాము. "నీళ్లు ఎక్కువ తాగుతుందా?" అవును అన్నాము. ఆమె అప్పటికే తల ఊపింది. స్కానింగు చేసి తెర మా పక్కకు తిప్పింది. పిల్లల తలకాయలు, ఎముకలు కనిపిస్తాయని మేము చూస్తా ఉన్నాము. నల్లగా, లావుగా, గొట్టాలు మడత పెట్టినట్టు కనిపించింది. "కడుపులో పిల్లలు లేవు. గర్భసంచి నిండా చీము" అన్నది. జబ్బు పేరు పయోమెట్రా అని చెప్పింది.

మాకు అర్థం కాలేదు. ఆవు ఈనినాక మాయ సరిగ్గా పడకపోతే గర్భసంచిలో చీము పడుతుందని మనకు తెలుసు. చెయ్యి పెట్టి చూస్తారు, మందు వేస్తారు, సూది వేస్తారు, నిండా ఆవులు బాగయితాయి. కానీ కెంపి ఈనలేదు కదా, మరి చీము యాడిది?

ఆ డాక్టరమ్మ చెప్పిన తీరు మాకు మనసులో నిలిచిపోయింది. మా మాటల్లో చెబుతాము. టమాటా నారు పోసేదానికి మడి తయారు చేస్తాము. ఎరువు వేస్తాము, తడి ఆరకుండా చూస్తాము. ఆడకుక్క గర్భసంచి ప్రతి ఎదకూ అట్ల ఒక మడి తయారు చేస్తుంది. విత్తనం పడినా పడకపోయినా తయారు చేస్తుంది. ఆవులో అయితే కట్టకపోతే మూడు వారాలకు మళ్లీ ఎద వస్తుంది. కుక్కలో అట్ల కాదు. కట్టినా కట్టకపోయినా, ఎద అయిపోయినాక రెండు నెలలదాకా ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఊరుతానే ఉంటుంది. ఆ హార్మోను గర్భసంచి లోపలి పొరను మందం చేస్తుంది, తడి ఊరిస్తుంది, సంచి కదలికను నిలిపేస్తుంది, కింద మూతిని బిగిస్తుంది. బయటి క్రిములతో కొట్లాడే బలాన్ని కూడా ఆ తావులో తగ్గిస్తుంది. పిల్లలు నిలవాలంటే ఇవన్నీ కావాల. పిల్లలు లేకుంటే అదే మడి క్రిములకు పనికొస్తుంది.

క్రిములు బయటి ఊరి నుంచి రావు. దాని పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బ్యాక్టీరియానే ఎక్కువ మాట్లు కారణం. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచి మూతి తెరుచుకొని ఉంటుంది, అప్పుడు పైకి పాకుతుంది. తర్వాత మూతి మూసుకుంటుంది. సంవత్సరానికి ఒకటి రెండు మాట్లు ఎద వస్తుంది కాబట్టి, ఏండ్లు గడిచే కొద్దీ ఆ లోపలి పొర మందమై, నీటి బుడ్డలు కడుతుంది. అందుకే వయసయిన కుక్కలకు ఈ జబ్బు ఎక్కువ. అట్లని చిన్న వయసు కుక్కకు రాదని కాదు. ఎద ఆపేదానికి, కట్టినాక పిల్లల్ని పోగొట్టేదానికి వేసే హార్మోను సూదులు ఈ ముప్పును ఇంకా పెంచుతాయి. ఆమె అది చెబుతా ఉంటే మేము ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. తక్కువ దుడ్డుతో పని అయిందనుకున్నది రెండు మాట్లు.

ఈ జబ్బు రెండు రకాలు. మూతి తెరుచుకొని ఉంటే చీము, నెత్తురు కలిసిన నీచు తోక కింద కారతా ఉంటుంది. కుక్క మాటిమాటికీ ఆడ నాకుతుంది, ఈగలు ముసురుతాయి. చూసేదానికి రోతగా ఉన్నా, అది మేలు, కంటికి తెలుస్తుంది. మూతి మూసుకొని ఉంటే బయటికి చుక్క రాదు. చీమంతా లోపలే నిండుతుంది. కడుపు ఉబ్బుతుంది. మనం చూడిది అనుకొని పాలు పోస్తా ఉంటాము. అది ఒక్కోమాటు లోపలే పగిలిపోతుంది, పగిలితే కడుపంతా చీమే. కెంపిది మూసుకున్న రకం.

దప్పిక ఎందుకంటే, ఆ క్రిముల విషం మూత్రపిండాల మీద పని చేస్తుంది. నీటిని పట్టి ఉంచే శక్తి పోతుంది. నీళ్లు ఉచ్చగా పోతాయి, పోయేకొద్దీ దప్పిక. వసారాలో ఉచ్చ పోసిందని కొట్టినాము కదా, అది జబ్బు చెప్పిన మాట. మాకు వినబడలేదు.

దీనికి మందేమని అడిగినాము. వట్టి యాంటీబయాటిక్‌తో ఇది పోదు అన్నది. మేలుజాతి కుక్కకు ఇంకా పిల్లలు కావాలనుకుంటే, మూతి తెరుచుకొని ఉంటే, కుక్క తట్టుకునే స్థితిలో ఉంటే, హార్మోను మందులతో చీమును బయటికి తెప్పించే వైద్యం ఒకటుంది, కానీ మళ్లీ వచ్చే భయం ఉంటుంది. మిగతా వాటికి ఆపరేషనే. గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేయాల. ఆ పొద్దే తీయాల. బెంగళూరుకు తీసుకొనిపోండి అన్నది, సెలైను పెట్టి, చీటీ రాసి ఇచ్చింది.

హైదరాబాదు రోడ్డు పట్టుకొని చిక్కబళ్లాపురం దాటి, నంది కొండ పక్కగా పోతా ఉంటే పొద్దు గుంకింది. ఆ దోవలో ఎన్ని మాట్లు టమాటా బండి తోలుకొని పోయినామో లెక్క లేదు, కుక్క కోసం పోయేది అదే మొదలు. "కుక్కకు ఇంత దుడ్డా?" అని ఫోనులో మా చుట్టాలు ఒకరన్నారు. నిజమే, ఒక ఆవు నెల పాల దుడ్డు పోయింది. మేమూ దోవలో ఒక మాటు తిరిగిపోదామా అనుకున్నాము, దాచేదేమీ లేదు. మా అమ్మ కెంపి తలను ఒడిలో పెట్టుకొని ఉంది, ఆమె ఒప్పుకోలేదు. రాత్రికి ఆపరేషను చేసినారు. తీసిన సంచిని పళ్లెంలో పెట్టి చూపించినారు. మనిషి చేతి లావు గొట్టాలు రెండు, చీముతో బిగిసి ఉన్నాయి. చూసినోళ్లం మరచిపోలేము. మూడో దినం కెంపి కూర్చొని నీళ్లు తాగింది, మామూలుగా, ఒక గుక్కెడు.

ఇంతవరకూ కెంపి కత. ఇప్పుడు మా తప్పు.

కెంపికి ముందర మా ఇంట్లో చుక్క అని ఒక కుక్క ఉన్నింది. కెంపి పిల్లగా ఉన్నప్పుడే అది సచ్చిపోయింది, ఏడేండ్లు దాటింది. చుక్క పెద్దది, తొమ్మిదో పదో ఏండ్లు. దాన్ని ఒక్కమాటు కూడా కట్టనియ్యలేదు మేము. సచ్చే ముందర వాంతులు చేసుకునింది, నీళ్లు నీళ్లు అని తిరిగింది, కడుపు ఉబ్బింది. కడుపుబ్బి సచ్చిందంటే విషం పెట్టినారు అనుకున్నాము. ఎవరు పెట్టింటారు? మా గట్టు పక్క మామ. చుక్క ఆయన కోళ్ల మీదికి పోతుందని రెండు మాట్లు మాతో జగడం పెట్టుకున్నాడు, టమాటాకు మందు కొట్టే డబ్బాలు ఆయన చేనిలో ఉన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాల మాకు? పది మంది ముందర అడిగినాము, అడగడం కాదు, అన్నాము. "కైవారం తాతయ్య మీద ఆన, నేను పెట్టలేదురా అల్లుడా" అన్నాడు ఆయన. మేము నమ్మలేదు. ఆన కూడా అబద్ధంగా పెట్టినాడు అన్నాము. కైవారం తాతయ్య పేరు మీద మన పక్క ఎవరైనా అబద్ధపు ఆన పెడతారా? ఆ పొద్దు మాకు అది తోచలేదు.

అప్పటి నుంచి ఏడేండ్లు మాటల్లేవు. ఆయన కూతురి పెండ్లికి మేము పోలేదు. మా అత్త కాలం చేసినప్పుడు ఆయన వాకిట్లోకి రాకుండా రోడ్డు మీదనే నిలబడి పోయినాడు. మా బోరు ఎండిపోయిన సంవత్సరం, ఆయన బోరు నీళ్లు మా గట్టు దాటలేదు. అడిగేదానికి మాకు నోరు రాలేదు, ఇచ్చేదానికి ఆయనకు మనసు రాలేదు.

కెంపి కుట్లు విప్పించేదానికి పోయినప్పుడు డాక్టరమ్మకు చుక్క కత చెప్పినాము. ఆమె అడిగింది: నోట్లో నురగ వచ్చిందా, ఒళ్లు వణికిందా, కాళ్లు కొట్టుకునిందా? లేదు. అంతకు ముందు ఎన్ని దినాల నుంచి నీళ్లు ఎక్కువ తాగింది? ఒక పది దినాలు. తోక కింద ఏమైనా కారిందా? అప్పుడు మా అమ్మ మెల్లగా చెప్పింది, ఆ దినాల్లో వసారాలో నీచు వాసన వస్తుందని పొద్దున పొద్దున ఫినాయిలుతో కడిగేదాన్ని అని. ఎద వచ్చి ఎన్నాళ్లు అంటే, చుక్క సచ్చింది దీపావళి అయినాక. చిత్తకార్తె పోయి నెల.

"సచ్చిన కుక్కను చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను" అన్నది డాక్టరమ్మ. "పురుగుమందు తింటే గంటల్లో తెలుస్తుంది, పది దినాలు నీళ్లు తాగతా తిరగదు. మీరు చెప్పేది విషం మాదిరి లేదు." అంతే చెప్పింది. మాకు అది చాలింది.

ఇంటికొచ్చి రెండు దినాలు ఎవరమూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. మూడో దినం పొద్దున మేమంతా, మా అమ్మతో సహా, గట్టు దాటి మామ ఇంటికి పోయినాము. ఆయన చెనక్కాయ ఆరబోస్తా ఉన్నాడు. ఏడేండ్ల తర్వాత వాకిట్లో మమ్మల్ని చూసి లేచి నిలబడినాడు. ఎట్ల మొదలు పెట్టాలో తెలియలేదు. స్కానింగు కత చెప్పినాము, చుక్క కత చెప్పినాము, తప్పయింది మామా అన్నాము. ఆయన నిండాసేపు చెనక్కాయలు చేత్తో పక్కకు తోస్తా ఉన్నాడు. తర్వాత అడిగిన మాట, "ఎర్రకుక్క బతికిందా?" బతికింది అన్నాము. "ఆ పొద్దు మీరు అడిగిందానికి కాదు, తాతయ్య ఆన నమ్మలేదు చూడు, దానికి ఏడ్చినాను" అన్నాడు. లోపలికి రండని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. అత్త లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగినాము. ఏడేండ్లు ఒక్క పూటలో తిరిగి రావు. సంక్రాంతికి ఆయన ఆవులు మా వాకిలి ముందర నుంచి కిచ్చు దాటేదానికి పోయినాయి, మా అమ్మ వాటికి పసుపు కుంకుమ పెట్టింది. ఇప్పటికి అంతదాకా వచ్చినాము.

ఇది మా ఇంటి గొడవ, మీకెందుకు అంటారేమో. ఎందుకంటే "విషం పెట్టినారు" అనే జగడాలు మన ఊర్లల్లో ఎన్నో ఉన్నాయి. అన్నీ అబద్ధమని మేము అనడం లేదు. మాట అనే ముందర డాక్టరుకు చూపించండి అంటున్నాము, అంతే.

ఇప్పుడు పనికొచ్చే మాటలు కొన్ని. ఆడకుక్క ఎదకు వచ్చిన దినం క్యాలెండరు మీద రాసుకోండి. సీమావుకు రాసుకుంటాము కదా, కుక్కకు కూడా అంతే. ఎద అయినాక రెండు వారాల నుంచి రెండు మూడు నెలలదాకా కనిపెట్టుకొని ఉండండి. చిత్తకార్తెలో ఎద వస్తే కార్తీకం, మార్గశిరం జాగ్రత్త. నీళ్లు ఎక్కువ తాగడం, ఉచ్చ ఎక్కువ పోయడం, తిండి తగ్గడం, తోక కింద నీచు, కడుపు ఉబ్బడం, వాంతులు, వీటిలో రెండు కనిపించినా అదే పొద్దు డాక్టరుకు చూపించండి. చూడిది అనుకుంటే కూడా చూపించండి, స్కానింగులో తెలిసిపోతుంది. మనుషుల నొప్పి మాత్రలు వేయవద్దు, అవి కుక్కకు విషమవుతాయి. ఎద ఆపే సూదులు డాక్టరు కానోళ్ల చేత వేయించవద్దు.

అన్నిటికన్నా మంచిది, పిల్లలు వద్దనుకుంటే ముందుగానే కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించడం. గర్భసంచి, అండాశయాలు లేని కుక్కకు ఈ జబ్బు వచ్చే తావే ఉండదు. చిన్నప్పుడే చేయిస్తే రొమ్ము గడ్డలు కూడా తగ్గుతాయి. ఎదలో ఉన్నప్పుడు కాకుండా, ఎద అయిన రెండు మూడు నెలలకు చేయించడం మేలు. కష్టాలు లేవని చెప్పము. ఆపరేషను తర్వాత కొన్ని కుక్కలు ఒళ్లు పెంచుతాయి, తిండి కొలిచి పెట్టాల. కొన్ని పెద్దజాతి కుక్కలకు తెలియకుండా ఉచ్చ కారడం ఉంటుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పొద్దున చేసి సాయంత్రం ఇంటికి పంపే ఆపరేషనుకూ, చీము నిండి సగం సచ్చిన కుక్కకు రాత్రి చేసే ఆపరేషనుకూ, దుడ్డులోనూ ప్రాణగండంలోనూ నిండా తేడా ఉంది. స్వీడన్ దేశంలో కుక్కలకు కూడా ఇన్సూరెన్సు ఉంటుంది. ఆ లెక్కలు చూసినోళ్లు, ఆపరేషను చేయించని ఆడకుక్కల్లో పదేండ్లు నిండేలోపల సుమారు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చిందని తేల్చినారు. ఆడ ఆపరేషను చేయించని కుక్కలు ఎక్కువ కాబట్టి లెక్క తెలిసింది. మన ఊర్లల్లో అయితే "ఏమో, సచ్చిపోయింది" అనేదే లెక్క.

ఆవుకు బాగలేకపోతే 1962 నంబరుకు ఫోను చేయాలని మనందరికీ తెలుసు. కుక్క విషయంలో యాడికి పోవాలో తెలియదు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం తాలూకా పశువుల ఆసుపత్రుల్లో ముందు అడగండి, వాళ్లు దోవ చెబుతారు. హెబ్బాళలో 1958 నుంచి పశువైద్య కళాశాల ఉంది, బాగేపల్లి నుంచి పోయే రోడ్డు దాని పక్కకే పోతుంది. వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ, రేబిస్ టీకా చేయించే పని 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పంచాయతీ, పురసభలది. ఇంటి కుక్కకు మాత్రం ఇంటివాళ్లదే బాధ్యత.

సంఘానికి మా మనవి ఒకటుంది. సంవత్సరానికి ఒకసారి వనభోజనాలకు చేరతాము, పుస్తకాలు పంచుతాము, నిండా సంతోషం. ఈ సంవత్సరం చిత్తకార్తె రాకముందే, పశువైద్యులను అడిగి, మన ఊర్ల ఇంటి ఆడకుక్కలకు ఒక ఆపరేషను శిబిరం, దాంతోపాటే రేబిస్ టీకాలు పెట్టిద్దామా? దుడ్డు లేనోళ్ల కుక్కలకు తలా కొంత వేసుకుందాము. మొదటి చందా మాది. ఎన్ని కుక్కలవుతాయో తెలిస్తే డాక్టర్లను అడిగేదానికి సులభం. మీ ఊరి పేరు, ఎన్ని ఆడకుక్కలు, వాటి వయసు ఎంత, కింద రాయండి.

మొదటి రెండూ మేమే రాస్తా ఉన్నాము. కెంపికి అయిపోయింది కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు. మా ఇంట్లో ఉండే దాని కూతురు ఒకటి, నాలుగేండ్లు. గట్టు పక్క మామ ఇంట్లో ఒకటి, రెండేండ్లు. ఆయన్ను అడిగే రాస్తా ఉన్నాము.